దారి తప్పని దానియేలు గారు

పామర్రు కూడలిలో మొన్న బస్సు కోసం నిలబడి ఉంటే గంట వినిపించింది. సైరన్ కాదు, గంట. చేత్తో తాడు లాగి మోగించే ఇత్తడి గంట. గుడివాడ రోడ్డులోంచి పాత ఫైరింజన్ ఒకటి వచ్చి నా ముందు నుంచే వెళ్ళిపోయింది. గుండ్రటి ముక్కు, నెత్తిన చెక్క నిచ్చెన, వెనక పంపు. ఎక్కడో గడ్డివాము అంటుకుని ఉంటుంది. బండి పోయాక కూడా డీజిలు పొగా, తడిసిన కాన్వాసు గొట్టాల వాసనా కలిసి కాసేపు అక్కడే నిలబడ్డాయి. నేను రిటైరై మూడేళ్ళయింది. అయినా చేతిలో దొండకాయల సంచితో దాని వెనక పదడుగులు పరుగెత్తాను. అరటిపళ్ళ బండి ఆయన కంగారుపడి, మీ ఇల్లేనా అండీ అని అడిగాడు. ఇల్లు కాదండీ, మా బండి అన్నాను. ఆయన నన్ను పైనుంచి కిందిదాకా ఒకసారి చూసి, మళ్ళీ పళ్ళ మీద ఈగలు తోలుకున్నాడు.

అది నిజంగా మా బండే. నా ఉద్యోగం దాని మీదే మొదలైంది. తర్వాత కొత్త బండ్లు వచ్చాయి. వాటికి ట్యాంకులు పెద్దవి, హారన్లు పెద్దవి, ఒళ్ళూ పెద్దదే. దివిసీమలో సన్నటి కాలువ గట్ల మీదా, పాత తూముల మీదా అవి పట్టవు. అందుకని దీన్ని బాగుచేయించుకుంటూ, ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్‌కు తిప్పుకుంటూ ఇప్పటికీ పనిచేయిస్తున్నారు. మా కాలంలో దాని డ్రైవరు దానియేలు గారు. మీరెవరూ ఆయన్ని చూసి ఉండరు. చూసినా గుర్తుండే మనిషి కాదు. పొట్టిగా, బక్కగా, ఎప్పుడూ ఏదో వింటున్నట్టు తల ఒక పక్కకు వంచి ఉండేవారు. ఆయన గురించి కాగితం మీద మిగిలింది ఒకే ఒక్క వాక్యం. అది రాసింది నేను. అది అబద్ధం. దాన్ని మార్చమని ఆయన నన్ను ఒక్కసారి అడిగారు.

నేను బి.ఏ. తెలుగు చదివి, దొరికిన మొదటి ఉద్యోగంలో చేరిపోయినవాణ్ణి. మాటలతో ఆడుకోవడం తప్ప ఇంకే పనీ రాదు. గొట్టం పట్టుకుంటే అది నన్ను లాక్కుపోయేది. నిచ్చెన ఎక్కితే కళ్ళు తిరిగేవి. విసిగిపోయి నన్ను పంపు దగ్గరికి పంపారు. అది దానియేలు గారి రాజ్యం. ఆ బండి ట్యాంకులో నీళ్ళు నాలుగైదు నిమిషాలకు మించి రావు. ఆ తర్వాత ఏ కాలువలోనో చెరువులోనో లావుపాటి గొట్టం దించి, పంపుతో తోడుకోవాలి. గొట్టంలో గాలి ఉన్నంతసేపూ పంపు ఉత్తినే అరుస్తుంది. నేను మీటరు వైపు చూస్తూ కూర్చుంటే ఆయన నా చెయ్యి పట్టుకుని పంపు ఇనుము మీద ఆనించారు. "ముల్లు కేసి చూడమాకు అబ్బాయ్, చెవి పెట్టు. నీళ్ళు అందుకోగానే దాని గొంతు బరువెక్కుద్ది, నీ అరచేతికి చల్లగా తగులుద్ది. అప్పుడు నీళ్ళు వదులు." ఆ చల్లదనం తెలియడానికి నాకు నెల పట్టింది. తెలిసిన రోజున ఆయన స్టేషన్‌లో అందరికీ టీ తెప్పించి, మనవాడికి చెయ్యి వచ్చిందని చెప్పుకున్నారు. అంతకు ముందు నాకు చేతులే లేనట్టు.

ఆయనకు ఇంకో అలవాటు ఉండేది. వేసవిలో కాలువలకు నీళ్ళు కట్టేశాక, సెలవు రోజున సైకిలుకు వెదురు గడ కట్టుకుని ఊళ్ళమీద పడేవారు. ఏ చెరువులో ఎన్ని అడుగులు మిగిలాయి, ఏ డ్రెయినులో నీళ్ళు నిలిచాయి, బండి గట్టుదాకా వెళ్తుందా, గొట్టం అందుతుందా అని గడతో కొలిచి చూసుకునేవారు. కాగితం మీద రాసేవారు కాదు, అంతా తలలోనే. ఒకసారి నన్నూ వెంటేసుకెళ్ళారు. ఒక ఊళ్ళో చేపల చెరువు కొలుస్తుంటే, ప్రభుత్వం చెరువు లాక్కోవడానికి సర్వేకు మనుషుల్ని పంపిందని రైతు భయపడి కొబ్బరిబోండాలు కొట్టించాడు. అబ్బే కాదండీ, మీ ఊరు కాలితే నీళ్ళెక్కడున్నాయో చూసుకుంటున్నాం అని దానియేలు గారు ఉన్న నిజం చెప్పేశారు. రైతు బోండాలు వెనక్కి తీసుకోలేదు గానీ, తగలబెట్టడానికి మా ఊరే దొరికిందా అన్న మాట మాత్రం పొలిమేర దాకా మా వెనకే వచ్చింది.

ఆ రోజు సముద్రం వైపు చివరి ఊళ్ళో ఆయన భార్యకు అక్కగారు, మరియమ్మ గారింట్లో భోజనం చేశాం. తాటాకు ఇల్లు, వసారాలో కుట్టు మిషను. దాని మీదే ఆవిడ సంసారం. మా మరిది ఉండగా మా ఊరికి నిప్పు భయం లేదు బాబూ అని, నాకు చేపల పులుసు రెండోసారి పోస్తూ చెప్పింది. ఆయన తల వంచుకుని తింటున్నారు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

తర్వాత నేను పరీక్షలు రాసుకుంటూ మెట్లెక్కాను. నిచ్చెన ఎక్కలేనివాడికి ఈ మెట్లు బాగానే పట్టుబడ్డాయి. చాలా ఏళ్ళకు తిరిగి అదే స్టేషన్‌కు ఆఫీసరుగా వచ్చాను. మొదటి రోజు దానియేలు గారు అదే బండి పక్కన నిలబడి సెల్యూట్ చేసి, నమస్తే సార్ అన్నారు. సారేంటి బాబాయ్, అబ్బాయ్ అనండి అని అప్పుడే అనాల్సింది. అనలేదు. పదవి వస్తే పెదవి బిగుసుకుంటుందేమో. రేపు అందాంలే అనుకున్నాను. మర్నాటికి ఆ పిలుపు చెవికి బాగానే ఉంది.

ఆ వేసవిలోనే ఒక మధ్యాహ్నం మరియమ్మ గారి ఊళ్ళో మంటలని ఫోను వచ్చింది. ఎండాకాలం మధ్యాహ్నం దాటితే సముద్రపు గాలి లేస్తుంది. తాటాకు ఇళ్ళకు అది చాలు. మేం వెళ్ళేసరికి రెండిళ్ళు అంటుకుని ఉన్నాయి. ట్యాంకులో నీళ్ళు అయిపోవస్తున్నాయి. దానియేలు గారు బండిని ఊరి వెనక చేపల చెరువు వైపు తిప్పబోయారు. నేను ఆపాను. మంచినీళ్ళ కోసం కాలువలు వదిలారని ఆ ఉదయమే కాగితం వచ్చింది, నా జేబులోనే ఉంది. కాలువకు పోనివ్వమన్నాను.

"వదిలిన మాట నిజమే సార్," అన్నారాయన మెల్లగా. "ఇక్కడిదాకా నడిచి రావడానికి నీళ్ళకు రెండు రోజులు పట్టుద్ది. ఇది చివరి ఊరు."

ఈ డెల్టాలో పుట్టిన ఎవరికైనా తెలిసిన సంగతే అది. నాకూ తెలుసు. కానీ ఊరంతా చుట్టూ నిలబడి చూస్తోంది, మంటల హోరులో వాళ్ళకు మా మాటలు వినపడకపోయినా అంతమందిలో ఆఫీసరు మాట కింద పడకూడదు. కాలువకే పోనివ్వండి అన్నాను, ఈసారి గట్టిగా. ఆయన గేరు మార్చారు. గట్టెక్కి చూస్తే కాలువలో నెర్రెలిచ్చిన బురద, అందులో ఒక మేక. బండి తిప్పుకోవడానికి చోటు లేదు. ఆ సన్నటి గట్టు మీద, తల బయటపెట్టి చూసుకుంటూ, వచ్చిన దారంతా ఆయన బండిని వెనక్కే నడిపారు. చేపల చెరువుకు చేరి గొట్టం దించేటప్పటికి కాలిన ఇళ్ళు తొమ్మిదయ్యాయి. మనుషులకు ఏమీ కాలేదు. మరియమ్మ గారిది అయిదో ఇల్లు. బూడిదలో కుట్టు మిషను ఇనుప చక్రం ఒక్కటే మిగిలింది.

మర్నాడు పైనుంచి ఆలస్యానికి కారణం అడిగారు. రాయడం నాకు బాగా వచ్చిన పని. వాహనం బాగా పాతది కావడంతోపాటు, నీళ్ళున్న చోటికి వెళ్ళడంలో డ్రైవరు దారి తప్పినందువల్ల ఆలస్యమైంది అని రాశాను. పాత బండి, రిటైర్మెంటుకు దగ్గరపడ్డ డ్రైవరు. ఏ నింద వేసినా ఇట్టే అతుక్కునే జంట. దాని మీద డ్రైవరు సంతకం కూడా కావాలి. దానియేలు గారు కళ్ళజోడు పెట్టుకుని ఆ వాక్యాన్ని చాలాసేపు చదివారు. కిటికీ బయట ఏదో ముఖ్యమైనది ఉన్నట్టు నేను అటే చూస్తూ కూర్చున్నాను. "పెన్ను ఇవ్వండి సార్," అన్నారు. ఆయనకో మెమో వచ్చింది, అంతటితో ఆగింది. కానీ పత్రిక జిల్లా పేజీలో ఆ వాక్యం ఉన్నదున్నట్టు పడింది.

కొద్ది నెలలకు ఆయన రిటైరయ్యారు. సన్మానసభలో నేను అరగంట మాట్లాడాను. కొబ్బరిబోండాల కథ చెప్పి అందర్నీ నవ్వించాను, ఆయనా నవ్వారు. చెప్పాల్సిన ఒక్క మాట తప్ప అన్నీ చెప్పాను. జనం వెళ్ళిపోయాక ఆయన శాలువా మడిచి చంకలో పెట్టుకుని నా గదిలోకి వచ్చారు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఆ కాగితంలో ఒక్క మాట మార్చడానికి వీలవుద్దా సార్? మెమో సంగతి వదిలెయ్యండి. మా వదినగారి ఊళ్ళో నేను దారి తప్పానంటున్నారు. ఆ ఊళ్ళో కళ్ళు మూసుకున్నా నాకు దారి తెలుసు."

"చూద్దాం లెండి," అన్నాను.

మన భాషలో ఇంత సుఖమైన మాట ఇంకొకటి లేదు. కాదనకుండానే కాదనొచ్చు. ఎదుటి మనిషి ఆశతో వెళ్ళిపోతాడు, మనం మంచివాళ్ళుగా మిగిలిపోతాం. నిజానికి అది మార్చడం పెద్ద కష్టం కాదు. తప్పు నాదేనని ఇంకో కాగితం రాస్తే చాలు. వచ్చే వారం రాద్దామనుకున్నాను, తర్వాత బదిలీ అయ్యాక అనుకున్నాను, ప్రమోషన్ వచ్చాక, చివరికి రిటైరయ్యాక. ఆయన మళ్ళీ అడగలేదు. బందరులో కూతురి దగ్గర ఉంటున్నారని తెలుసు. రెండుసార్లు ఆ వీధి మొదటిదాకా వెళ్ళి, అక్కడినుంచి వెనక్కి తిరిగి పెడన బస్సెక్కాను. పెడనలో నాకు పనేమీ లేదు.

కిందటేడు ఆయన పోయారని తెలిసి ఆదరణ కూడికకు వెళ్ళాను. ప్రార్థన అయ్యాక పాస్టరు గారు నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. లేచి నిలబడి మళ్ళీ కొబ్బరిబోండాల కథే చెప్పాను. భోజనాల దగ్గర, మరియమ్మ గారు కనపడలేదేమని దానియేలు గారి కూతుర్ని అడిగాను.

"పెద్దమ్మ రాదండీ," అంది ఆవిడ నా విస్తరిలో అన్నం పెడుతూ. "ఆ మంటల తర్వాత నాన్నతో మాటల్లేవు. తెలిసిన దారి తప్పి తన ఇల్లు కాలనిచ్చాడని. అమ్మ పోయినప్పుడు కూడా వచ్చి దూరంగా నిలబడి వెళ్ళింది."

మర్నాడే ఆ ఊరు వెళ్ళాను. తాటాకు ఇళ్ళు పోయి శ్లాబు ఇళ్ళు వచ్చాయి. మరియమ్మ గారికి ఎనభై దాటాయి, చూపు తగ్గింది. నేనెవరో చెప్పి, ఆ రోజు సంగతి మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. ఒక్క చమత్కారం కూడా లేకుండా నేను అంతసేపు మాట్లాడడం అదే మొదటిసారి. అయిపోయాక ఆవిడ, మంటల తర్వాత మరిది రెండుసార్లు గుమ్మం దాకా వచ్చాడనీ, తను సైకిలు కూడా దిగనివ్వలేదనీ చెప్పింది. మరి మీ పేరు ఒక్కసారైనా ఎత్తలేదే అంది. ఎత్తరండీ అన్నాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

"ఈ మాట కాగితం మీద రాసివ్వండి బాబూ," అంది. "ఆదివారం చర్చిలో అందరి ముందూ చదివించుకుంటాను."

మనవరాలి నోటుబుక్కులోంచి కాగితం చింపించి ఇచ్చింది. రాశాను. అయిదు వాక్యాలు పట్టాయి. కింద సంతకం చేసి తారీఖు వేశాను. ఆవిడ చదువుకోలేదు, బట్టలు కుట్టిన మనిషి గనుక అంకెలు మాత్రం వచ్చు. కాగితాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, అడుగున తారీఖు మీద వేలుంచి ఆగింది.

"ఇది ఇవాళ్టిది గదా బాబూ," అంది.

బతికే ఉన్నానని పెన్షను ఆఫీసులో ఏటా ఒక కాగితం ఇవ్వాలి. ఈసారి సంతకం చేశాను గానీ తారీఖు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. కౌంటరులో అమ్మాయి నా పెన్ను రాయడం లేదనుకుని తన పెన్ను అందించింది. తీసుకున్నాను. ఆ పెన్ను కూడా కాసేపు రాయలేదు.