తొంగి చూస్తే తగ్గని నీళ్లు

ఆ రోజు తప్పు చేసింది నేను, మాట పడింది ఓబులేసు. ఈ పొద్దున యాడికి ఊళ్లో విత్తన శనక్కాయల మూట విప్పగానే వచ్చిన వాసనకు అదంతా గుర్తొచ్చింది. దానితోపాటే శేషన్న.

శేషన్న నా మొదటి యజమాని. బోరు మోటార్లు బాగుచేస్తూ బతికి, యాభై దాటాక కంప్యూటరు నేర్చుకుని, అనంతపురంలో చిన్న ఆఫీసు పెట్టిన మనిషి. యాడికి రైతు సంఘంలో విత్తనాల కోసం పేర్లు రాసుకునే వెబ్‌సైటు నా చేత చేయించాడు. ప్రతి పేరు పక్కన 'తొలగించు' అని ఒక లింకు పెట్టాను. లింకు నొక్కితే సర్వరుకు వెళ్లేది గెట్, అంటే 'చూపించు' అని అడగడం మాత్రమే. దానితో దేన్నీ చెరపకూడదు. చెరపాలంటే ఫారం పెట్టి పోస్ట్‌గా, అంటే 'ఈ పని చెయ్యి' అన్నట్టుగా పంపాలి. ఫారానికి ఆ రెండు పద్ధతులే తెలుసు కాబట్టి, అసలు కోరేది డిలీట్, అంటే చెరపడం, అని చెప్పే కనబడని గడి ఒకటి అందులో చేర్చాలి. ఇదంతా నాకు తెలుసు. బద్ధకించాను.

సంఘంలో గుమాస్తా ఓబులేసు. నెట్ నిదానంగా ఉందని, పేజీలోని లింకులన్నిటినీ ముందే తెరిచిపెట్టే సాఫ్ట్‌వేరు ఒకటి వేసుకున్నాడు. పంపిణీకి ముందురోజు పట్టిక ప్రింటు తీద్దామని పేజీ తెరిస్తే, అది నా 'తొలగించు' లింకులన్నీ తెరిచింది. ఒక్క పేరు మిగల్లేదు. పేర్లు లేక పంపిణీ ఆగి, ఈలోగా నేలలో పదును ఆరిపోతే ఆ ఏడు సేద్యం లేనట్టే.

సంఘం అధ్యక్షుడు ఫోను చేశాడు. "ఏమప్పా, పేర్లన్నీ యాడ పోయినాయి?"

"మీ ఓబులేసు ఏదో నొక్కినట్టుండాడు," అన్నాను.

"అట్లయితే రేపట్నుంచి వాణ్ని రావద్దంటా," అని పెట్టేశాడు.

శేషన్న రోజూ ఇంటికి పోయేముందు పట్టికను పెన్‌డ్రైవులోకి దించి చొక్కా జేబులో వేసుకునేవాడు. ఫ్యూజు వైరు జేబులో పెట్టుకు తిరిగిన నాటి అలవాటు. దాంతో పేర్లన్నీ తిరిగొచ్చాయి, నా ఊపిరి కూడా. ఫోనులో నేనన్న మాట పక్కనే ఉండి విన్న ఆయన, అప్పుడు నేను రాసిన కోడు తెరిచాడు.

"బాయిలోకి తొంగి చూస్తే నీళ్లు తగ్గుతాయేమప్పా?"

"తగ్గవన్నా."

"నువ్వు తవ్విన బాయిలో తొంగి చూస్తానే మోటారు తిరుగుతాండాది. వాడు చేసిన తప్పేంది? తొంగి చూసినాడు, అంతే కదా."

ఆయన కోడు మూసేశాడు.

"పేర్లు నా జోబీలో ఉండె, తెచ్చిస్తి. వాని పని నీ మాటతో పోయింది. దానికి నా తావ పెన్‌డ్రైవు లేదు."

ఆ సాయంత్రమే లింకులన్నీ తీసేసి ఫారాలు పెట్టాను. తెల్లారి మొదటి బస్సుకు యాడికి వెళ్లి, వరుసలో నిలబడ్డ రైతుల ముందే అధ్యక్షుడికి తప్పు నాదని చెప్పాను. ఆయన తిట్టవలసినంత తిట్టి, ఓబులేసును మళ్లీ పనిలోకి పిలిపించాడు.

"క్షమించు ఓబులేసన్నా," అన్నాను.

అతను నన్ను ఎగాదిగా చూశాడు. "సరేలే, మాటలు చాలు. ఈ మూట ఆ కొస పట్టు."

గుండె తేలికైంది. ఆఖరి మూట దాకా పట్టాను. శేషన్న ఇప్పుడు లేడు. అప్పటినుంచీ ఏటా విత్తనాల రోజు యాడికి పోతున్నాను. ఈ పొద్దున కూడా ఆ కొస నేనే పట్టాను.