ఉమ్మెత్త పొగ, పంపకాల కాగితం

మా ముత్తాతగారు జమీందారుగారి దగ్గర దివాను. తాతగారు తాలూకా బోర్డులో ఇరవై ఏళ్ళు కూర్చున్నారు. ఆయన బండి గుండుగొలను దాటుతుంటే మిగతా బళ్ళు రోడ్డు దిగి నిలబడేవి. గొప్పకు చెప్పడం లేదు. మా నాన్నగారు ఒక చిన్న మాట ఎందుకు చెప్పలేకపోయారో తెలియాలంటే ఇదంతా తెలిసి ఉండాలి.

నాన్నగారికి ఉబ్బసం. వానాకాలంలో కొల్లేటి గాలి తగిలితే మంచం పట్టె పట్టుకుని కూర్చుని, ఒక్కొక్క ఊపిరినీ బావిలోంచి చేదినట్టు చేదుకునేవారు. మాకు చేపలు తెచ్చే కొల్లేటికోట ముసలాయనకూ అదే జబ్బు. ఆయనే ఎండిన ఉమ్మెత్తాకు చుట్ట చుట్టి తెచ్చి ఇచ్చాడు.

"ఆయాసం తగ్గగానే ఆపెయ్యాలండి బాబూ. మా తోడల్లుడు ఇంకో రెండు దమ్ములు లాగి, వలనుకుని పెళ్ళాం కోక కొల్లేట్లోకి ఇసిరేశాడండి."

నాన్నగారు నవ్వలేదు. పిచ్చెక్కినవాణ్ణి మా వైపు ఉమ్మెత్తకాయ తిన్నాడంటారు. దివానుగారి మనవడు ఉమ్మెత్త పొగ పీలుస్తున్నాడని తెలిస్తే పాలేళ్ళ ముందు తలెత్తుకునేదెలా? అందుకని వెనక గదిలో తలుపులూ కిటికీలూ బిగించుకుని పీల్చేవారు. పొగ పోయే దారి లేదు. కాసేపటికి ఊపిరి ఆడేది. నోరు పిడచకట్టుకుపోయేది. కంటిపాపలు పెద్దవై నల్లగా నిలిచిపోయేవి.

నేనప్పుడు ఏలూరులో బి.ఎ. చదువుతున్నాను. బతిమాలి ఒక డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళాను. ఊపిరి గొట్టాల చుట్టూ సన్నటి కండరం ఉంటుందనీ, జబ్బు చేసినప్పుడు అది బిగుసుకుంటుందనీ, ఉమ్మెత్తాకులోని మందు ఆ బిగువు వదిలిస్తుందనీ ఆయన చెప్పారు. అయితే అది అక్కడితో ఊరుకోదట. కంటిలోని కండరాన్నీ వదులు చేస్తుంది, ఆ పూటంతా దగ్గరున్న అక్షరం ఆనదు. మోతాదు మించితే విషమే. ఇంకో మొక్క నుంచి తీసిన మందు బిళ్ళలుగా వస్తోందని రాసిచ్చారు. గుండె దడగా ఉందని నాన్నగారు వాటిని నాలుగు రోజుల్లో మానేశారు.

ఆ ఏడే బాబాయి పంపకాలు అడిగారు. తాడేపల్లిగూడెం కాలువ కింద మాగాణి, కొల్లేటి పక్క పల్లం, రెండూ చెరిసగమని నోటిమాట. మాగాణి రెండు పంటలు పండుతుంది. పల్లం ఏటా మునుగుతుంది. మా బతుకంతా ఆ సగం మాగాణి మీదే ఉంది. బాబాయి ఇద్దరు పెద్దమనుషులను వెంటబెట్టుకుని కాగితం తెచ్చేసరికి నాన్నగారు వెనక గదిలోంచి అప్పుడే వచ్చి కూర్చున్నారు.

"చదువుకోండి అన్నయ్యగారూ, తొందరేం లేదు," అన్నారు బాబాయి.

నాన్నగారు కాగితం దగ్గరగా పట్టుకున్నారు, తర్వాత దూరంగా పట్టుకున్నారు. నేను చదువుతానండి అని ముందుకు వచ్చాను.

"మా తమ్ముడి మాట నాకు చదివి పెట్టడానికి నువ్వెవడివిరా?"

పెద్దమనుషులు మెచ్చుకోలుగా తలలూపారు. నాన్నగారు చదవకుండానే సంతకానికి కలం అందుకున్నారు. నాన్నగారు ఉమ్మెత్త పీల్చారు, కళ్ళు ఆనడం లేదు అని నేనక్కడే చెప్పగలిగేవాణ్ణే. చెప్పలేదు. ఆయనకు అడ్డొచ్చిందే నాకూ అడ్డొచ్చింది. బాబాయికి తెలుసో లేదో నేను ప్రమాణం చేయలేను. కాగితం అందిస్తూ అన్నగారి కళ్ళలోకి మాత్రం చూశారు.

మర్నాడు చూపు కుదిరాక నకలు తెప్పించుకుని నాన్నగారే చదివారు. మాగాణి మొత్తం బాబాయికి, పల్లం మొత్తం మాకు. కోర్టుకు వెళదామన్నాను. చదవకుండా ఎందుకు సంతకం పెట్టారని ప్లీడరు అడిగితే ఏం చెప్పమంటావని అడిగారు.

పల్లం వరసగా మూడేళ్ళు మునిగింది. నాలుగో ఏడు కాడెద్దులతో సహా మొత్తం అమ్మేశాం.