నారాయణపేటలో ఊపిరి రాసుకునే కాంపౌండరు

నారాయణపేటకు ఇప్పుడు అందరూ చీరల కోసం వెళ్తున్నారు. నేను మొదటిసారి వెళ్లింది మా తమ్ముణ్ని చెవి పట్టుకుని లాక్కురావడానికి. అవి అరవైలు, నందికొండ దగ్గర కృష్ణకు ఆనకట్ట కడుతున్న రోజులు. నేను మహబూబ్‌నగర్‌లో ఒక బట్టల దుకాణంలో గుమాస్తాను. తమ్ముడు నర్సిములుకు ఇరవై ఏళ్లు, నారాయణపేటలో మా మేనమామ ఇంట్లో ఉండి మగ్గం నేసేవాడు. వాడు పొద్దు వాలగానే మగ్గం దిగి దవాఖాన కాంపౌండరు వెంట ఆటలకు పోతున్నాడనీ, వాడికి కోస్గి నుంచి పెళ్లి సంబంధం కుదిరేటట్టుంది కాబట్టి వచ్చి బుద్ధి చెప్పి పొమ్మనీ మామ కార్డు రాశాడు. నేతపని చేసుకునే పోరగాండ్లను ఎవడైనా ఊరికే ఆడిస్తాడా? పందేలో, ఏదో పార్టీ వాళ్ల పనో అయివుంటుందని కార్డు మడిచేలోపే తేల్చేసుకున్నాను. అనుమానం నాకు పుట్టుకతో వచ్చింది. మా అవ్వ ఇచ్చిన పాలు కూడా వాసన చూసి తాగేవాణ్నట.

ఆదివారం దుకాణానికి సెలవు. పొద్దున ఆరింటి బస్సెక్కాను. దేవరకద్ర, మరికల్ మీదుగా అప్పట్లో మూడు గంటల పైనే పట్టేది, టికెట్టు రెండు రూపాయల లోపే. వెనక సీట్లు ఖాళీగా ఉంటే కండక్టరు నన్ను ఇంజను పక్కన ఎందుకు కూర్చోబెట్టాడో దేవరకద్ర దాకా ఆలోచించాను. మరికల్‌లో చాయ్‌కి ఆపినప్పుడు డ్రైవరు ఏ ఊరికని అడిగాడు. చెప్పాను.

"మీ పోరడుంటే తోలుకపో," అన్నాడు ఆయన సాసర్లో చాయ్ ఊదుకుంటూ. "గా కాంపౌండరు పోరగాండ్ల ఊపిరి కాయితం మీద రాసుకుంటుండట. మిల్ట్రీకి పంపుతడో, ఇంకేం జేస్తడో."

ఊపిరి రాసుకోవడమేమిటి, నా తలకాయ! అయినా ఆ మాట మనసులో ముల్లులా దిగింది. మరికల్ నుంచి నారాయణపేట దాకా కిటికీలోంచి ఏం కనిపించిందో నాకు గుర్తులేదు.

మామ ఇంట్లో జొన్న రొట్టె, పుంటికూర పెట్టారు. గుంతమగ్గంలో కాళ్లు దించి కూర్చున్న నర్సిములు నన్ను చూసి నవ్వాడు. గదంతా నూలు ధూళి. చిక్కావేమిరా అంటే ఎండలన్నాడు. భోజనాలయ్యాక బావి నుంచి నీళ్లు తెస్తూ బిందెను రెండుసార్లు కింద దించాడు. ఆటల సంగతి మామను గుచ్చి గుచ్చి అడిగితే, అవి మొదలైనప్పటి నుంచి కుర్రాళ్లు కల్లు దుకాణం వైపు పోవడం తగ్గించారని ఒప్పుకున్నాడు. దాంతో నా అనుమానం ఇంకా పెరిగింది. లాభం లేకుండా ఊళ్లో కల్లు మాన్పించేవాడు ఎవడుంటాడు?

అయిదున్నరకు దవాఖాన వెనక ఖాళీ జాగాకు వెళ్లాను. సున్నంతో గీసిన చెడుగుడు బరి, రెండు జట్లు, పక్కన స్టూలు మీద యాభై ఏళ్ల కాంపౌండరు రహీం సాబ్. చేతిలో గడియారం, ఒళ్లో నోటుబుక్కు. ఏం రాస్తున్నారని నేరుగా అడిగేశాను. ఆయన నొచ్చుకోలేదు.

"గుంతల కూసునేటోల్లకు ఛాతి జబ్బులెక్కువ. దవాఖానకు రమ్మంటె ఒక్కడు రాడు, లగ్గం చెడుతదని ఫికర్. ఆటంటె అందరొస్తరు. ఎవని కూత వారం వారం పొట్టిగైతదో, వాన్ని మహబూబ్‌నగర్ పంపి ఎక్స్‌రే తీపిస్త."

నమ్మలేదు. పుస్తకం చూపించమన్నాను, చూపించాడు. పేర్లు, పక్కన ఒక్క ఊపిరిలో ఎవరి కూత ఎంతసేపు సాగిందో. అందరికంటే పొడుగు కూత మా నర్సిములుది. ముందు గర్వమేసింది. ఆ తర్వాత బిందె గుర్తొచ్చింది.

నర్సిములు వంతు వచ్చింది. కూత గణగణ మోగుతూనే ఉంది. రహీం సాబ్ చూపు గడియారం మీద, చెవి కూత మీద. నేను మాత్రం తమ్ముడి గొంతే చూస్తున్నాను. పెదాలు కదులుతున్నాయి, గొంతు కదలడం లేదు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. గీతకు ఇవతల వాడి దోస్తు ఖాజా తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని, అచ్చం వాడి గొంతుతో కూత పెడుతున్నాడు! జట్టంతా తెలిసే, ఆ గొంతు ఎక్కడిదో తెలియకుండా చుట్టూ అరుస్తోంది.

గోడ చాటుకు లాక్కుపోయి అడిగితే నర్సిములు నా చేతులు పట్టుకున్నాడు. "జెప్పకు అన్నా. నెలాయె దగ్గుల నెత్తురు వడవట్టి. కోస్గోల్లకు తెలిస్తె ఇంకెవ్వరు పిల్లనియ్యరు."

డ్రైవర్నీ, కాంపౌండర్నీ, కండక్టర్నీ అనుమానించాను గానీ, మోసం నా రక్తంలోనే ఉందని అనుకోలేదు. చెబితే పెళ్లి పోతుంది, చెప్పకపోతే తమ్ముడే పోతాడు. వాడి చేతులు విడిపించుకుని వెళ్లి అందరూ వింటుండగానే చెప్పేశాను.

"మావోని కూత మావోనిది కాదు, సాబ్."

రహీం సాబ్ పుస్తకంలో నర్సిములు పేరు పక్కన అంకెలన్నీ కొట్టేశాడు. ఎవరినీ తిట్టలేదు. ఖాజా మాత్రం దోస్తు పెళ్లి నిలబెడదామనుకున్నానంటూ ఏడ్చాడు.

మర్నాడు పొద్దున ఏడింటి బస్సులో తమ్ముణ్ని మహబూబ్‌నగర్ తీసుకొచ్చాను. వాడు వెనక సీట్లో కూర్చుని నా వైపు చూడనేలేదు. ఎక్స్‌రేలో మచ్చ కనబడింది. వారం తిరక్కుండానే కోస్గి వాళ్లు వద్దన్నారు, మామ నన్ను నోటికొచ్చినట్టు తిట్టాడు. ఏడాదికి పైగా సూదులు, మాత్రలు. అన్నాళ్లూ మా ఇంట్లోనే ఉండి, నేను వడ్డించింది తింటూ, వాడు నాతో ఒక్క మాట మాట్లాడలేదు. ఇక చాలని డాక్టరు చెప్పిన రోజు దవాఖాన మెట్లు దిగుతూ అన్నాడు: "నువ్వు ఆ దినం రాకపోతె బాగుండుననుకున్ననే అన్నా. మొన్నమొన్నటి దాంక అనుకున్న."

అనుమానం మంచి గుణమని నేననను. దానివల్ల మంచివాళ్లనూ చాలామందిని నొప్పించాను, అందులో రహీం సాబ్ ఒకరు. కానీ ప్రేమ ఉన్న చోట కళ్లు మూసుకోవాలని కూడా అనలేను. ఆ జట్టు కుర్రాళ్లకు మా తమ్ముడంటే నాకంటే తక్కువ ప్రేమేమీ లేదు. మీరు చీరల కోసం నారాయణపేట వెళ్తే పొద్దుటి బస్సుకు వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చు. పనికోసం వెళ్లిన మీ పిల్లవాణ్ని చూడటానికి వెళ్తే మాత్రం ఆ పూటే తిరిగి రాకండి. ఒక రాత్రి వాడి పక్కన పడుకోండి. పగలు దగ్గును ఎలాగైనా దాచేస్తారు.