సరిత నోట నా పేరు

2022లో అబుదాబీ శివారు బనియాస్ దగ్గర ఒక ఆసుపత్రిలో ఐసీయూ నర్సులకి సిమ్యులేషన్ ట్రైనర్‌గా చేసేదాన్ని. సిమ్యులేషన్ అంటే ఏం లేదు, ఊపిరి తీసే బొమ్మని, మానికిన్ అంటారు దాన్ని, మంచమ్మీద పడుకోబెట్టి దాని గుండె ఆపేసి "ఊఁ, బతికించండి" అనడమే. ఆపే బటన్ నా చేతిలో ఉంటుంది. వెనకాల నన్ను యముడి పెళ్లాం అనేవారట. అనుకోనీ, నాకేం!

ఆ బ్యాచ్‌లో జగిత్యాల అమ్మాయి సరిత ఉండేది. వార్డులో చేస్తూ, ఐసీయూయే కావాలని పట్టుబట్టి వచ్చింది. మంచి చెయ్యి. కానీ ప్రొబేషన్ అయ్యేలోపు కోడ్ బ్లూ పరీక్ష, అంటే గుండె ఆగిన పేషెంటుని జట్టుగా బతికించే పరీక్ష, నెగ్గాలి. లేదంటే ఐసీయూ ఖలాస్, ఉద్యోగానికీ గ్యారంటీ లేదు.

మొదటిసారే బోల్తా కొట్టింది. డాక్టర్ వచ్చేదాకా ఆ మంచం నర్సే టీమ్ లీడర్. నేను బొమ్మ గుండె ఆపగానే సరిత గట్టిగానే అరిచింది, "సిస్టర్, అడ్రినలిన్ ఇవ్వండి!" అని. గదిలో ఉన్నదంతా సిస్టర్లేనాయె! ఇద్దరు చెరో సిరంజీ అందుకుని ఎక్కించేశారు. ఛాతీ నొక్కుతున్న మూడో ఆవిడ తననే అనుకుని చేతులు తీసేసింది. బొమ్మ పోయింది.

తర్వాత డీబ్రీఫింగ్, అంటే వీడియో చూస్తూ జరిగింది మాట్లాడుకోవడం.

"మారితెస్ అని పేరు పెట్టి పిలవొచ్చు కదా?" అన్నాను. మారితెస్ మా ఫిలిప్పీన్స్ చార్జ్ నర్స్, షిఫ్టు మొత్తానికి పెద్ద.

"మా అమ్మంత ఉంటది. పేరు వెట్టి ఎట్ల పిలుస్త అక్కా? నోరొస్తలేదు."

"నీ మర్యాదకి పేషెంటు పోయాడే తల్లీ!"

ఆ పిల్ల కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నాకు ఒళ్లు మండింది, జాలీ వేసింది. నేనూ కోనసీమ కోడల్నే, మామగారి పేరు చెప్పాల్సొస్తే ఇప్పటికీ నీళ్లు నములుతాను. కానీ ఐసీయూలో అలా కుదరదు. ముందు పేరు, తర్వాత పని. విన్నవాళ్లు ఆ మాటే తిరిగి చెప్పాలి, చేశాక "అయింది" అనాలి. క్లోజ్డ్ లూప్ అంటాం దీన్ని.

డ్యూటీ దిగాక సరితని ఖాళీ గదిలో నిలబెట్టేదాన్ని.

"నన్ను పిలు. వరలక్ష్మీ అను."

"అక్కా..."

"అక్కా లేదు, బొక్కా లేదు. యల్లా, ఊఁ కానీ, పిలు!"

మారితెస్ కూడా నవ్వుకుంటూ వచ్చి, పిలవమ్మా అన్నట్టు ఎదురుగా నిలబడేది. మెల్లగా ఆవిడ పేరు నోటికొచ్చింది. నా పేరు మాత్రం చచ్చినా రాలేదు. పరీక్ష టీమ్‌లో నేను లేను కాబట్టి పిల్ల గట్టెక్కింది.

కొన్నాళ్లకి ఒక పొద్దున పనిమీద ఐసీయూకి వెళ్లాను. సరిత మంచమ్మీద గుండెపోటుతో వచ్చిన పాకిస్తానీ ట్రక్కు డ్రైవరు. నేను గుమ్మంలో ఉండగానే మానిటర్ మీద గీత గజిబిజి అయిపోయింది. సరిత మెడ దగ్గర వేళ్లు పెట్టి చూసింది. నాడి లేదు.

"మారితెస్, డీఫిబ్!" షాక్ ఇచ్చే యంత్రం అది. మారితెస్ "డీఫిబ్ తెస్తున్నా" అంటూ పరుగెత్తింది.

"వరలక్ష్మీ, కంప్రెషన్స్!"

అమ్మో, ఆ గొంతు! "కంప్రెషన్స్ మొదలు" అంటూ ఛాతీ మీద చేతులు వేసేశాను. ఎవరేం చేయాలో పేరుపేరునా చెప్పింది. షాక్ ఇచ్చి, మళ్లీ నొక్కుతూ ఉండగా ఆయన చెయ్యి కదిలింది. చూస్తే నాడి కొట్టుకుంటోంది. డాక్టర్ రొప్పుతూ లోపలికి వచ్చేసరికి మనిషి మనకి దక్కాడు.

అంతా సద్దుమణిగాక సరిత నా దగ్గరికొచ్చింది.

"పేరు వెట్టి పిలిచిన అక్కా, ఏమనుకోకుండ్రి."

"నన్నింత బాగా ఇంతవరకు ఎవరూ పిలవలేదే పిల్లా!" అని గట్టిగా పట్టేసుకున్నాను. ఏడ్చాను కూడా, దాచుకోవడం ఎందుకు?

నర్సు చేతులకి పని నేర్పితే చాలదు, నోటికీ నేర్పాలని ఆ రోజు తెలిసింది. పెద్దల్ని గౌరవించొద్దని కాదు. గుండె ఆగిన మనిషి ముందు పేరు పెట్టి పని చెప్పడమే గౌరవం. ఇప్పుడు కొత్త బ్యాచ్‌లకి ఆ పాఠం సరితే చెబుతోంది. నేను వెనక కుర్చీలో కూర్చుని వింటాను, నా పిల్లే అని పక్కవాళ్లకి చెప్పుకుంటాను.