రాయికి తల యాడుండాది?

మా అమ్మ ఏ వస్తువునైనా ఇంట్లోకి రానిస్తుంది గానీ, బొట్టు పెట్టకుండా మాత్రం ఉండనియ్యదు. గ్రైండరుకు బొట్టు, గ్యాసుబండకు బొట్టు, నేను ల్యాప్‌టాప్ కొనుక్కొస్తే దానికీ బొట్టే. అట్టాంటి ఇంటికి రూన్ రాళ్ల సంచి ఎత్తుకుపోయేటప్పుడు ఏం జరగబోతుందో నాకు ముందే తట్టాల్సింది. తెలివుంటే గదా!

రూన్‌లంటే ఉత్తరాన మంచుదేశాల వాళ్లు పూర్వం రాళ్ల మీదా చెక్కల మీదా చెక్కుకున్న అచ్చరాలు. ఇప్పుడు వాటిని గులకరాళ్ల మీద గీసి, గుడ్డసంచిలో వేసి, జోస్యానికని అమ్ముతా ఉండారు. మనసులో ప్రశ్న అనుకుని, సంచిలో చెయ్యి పెట్టి ఒక రాయి తియ్యాల. దాని మీద గీతను బట్టి ఫలితం. ఒకటి పశువులూ సంపదా, ఒకటి వడగండ్లు, ఒకటి పంటకోత. అదే గీత తలకిందులుగా వచ్చిందంటే ఫలితం కూడా తలకిందులే. తిరుపతిలో ఉద్యోగం, హాస్టల్లో కాపురం, సాయంత్రమైతే ఏం తోచదు. ఫోన్లో వీడియోలు చూసి చూసి తెప్పించుకున్నాను. హాస్టల్లో అందరికీ జోస్యం చెప్పినాను. అందులో ఒకామెకు నిజంగానే ప్రమోషన్ వచ్చింది. ఇంక నా ఎచ్చులకు పట్టపగ్గాల్లేవు.

శనివారం చిత్తూరు పోయినాను. అమ్మకు సగం చెప్పేసరికే, "దేవుణ్ణి పూవడగతాం గదా, అట్టనా?" అనింది. విగ్రహానికి అటొక పువ్వు, ఇటొక పువ్వు అంటించి అడుక్కుంటారు. కుడిపక్క పువ్వు రాలితే సరేనని, ఎడమపక్కది రాలితే వద్దని. "అట్టనే మా" అన్నాను. నేను స్నానం చేసి వచ్చేలోపల రాళ్లన్నీ పసుపునీళ్లతో కడిగేసి, ఒక్కో రాయికి నిండుగా కుంకుమ పెట్టేసి, దేవుని గూట్లో వరసగా కూర్చోబెట్టేసింది.

"ఏంది మా ఇది!"

"ప్రశ్న అడిగే రాయిని ఉత్త మొగంతో పెడతారా? బలే దానివే!"

అంత భక్తి ఎందుకో తరవాత తెలిసింది. అమ్మ దగ్గర ఒక ప్రశ్న ఉండాది. నేను తిరుపతి పోయినప్పట్నుంచి నా పాత స్కూటీ మెట్ల కింద దుమ్ము తాగతా ఉంటే, దాన్ని నేర్చుకోవాలని ఆమెకు ప్రాణం. నాయన అంగడికి పోయినాక, స్టాండు మీదుండే బండెక్కి కూర్చుని, హ్యాండిల్ పట్టుకుని, ఊర్లన్నీ తిరిగొచ్చినట్టు మొగం పెట్టుకుని దిగుతుందంట. నాయన మాత్రం ఒకటే మాట: వద్దు. యాభై దాటిన మనిషికి బండేంది, రోడ్డు మీద లారీలు, పడితే ఎవరు చూస్తారు?

"చవితికి కాణిపాకం వినాయకుడి దగ్గరికి పోవాలన్నా ఈయన అంగడి మూసి, మొగం కడిగి, బండి తుడిచి తీసేలోపల పిళ్లారప్ప కూడా నిద్రపోతాడు పాపా. నాకు బుద్ధి పుట్టినప్పుడు పోయి మొక్కుకుని రావాల. అంతకన్నా ఏమీ అడగలేదే నేను!"

మధ్యాన్నం అన్నాలప్పుడు మళ్లా ఆ గొడవే. నాయనకు విసుగొచ్చి, "సరే, నీ రాయినే అడుగు. పొమ్మంటే పో. వద్దంటే ఇంక ఈ జన్మలో ఆ మాట ఎత్తగూడదు" అన్నాడు. ఉత్త గులకరాయి, ఏం చేస్తుందిలే అనుకుని ఉంటాడు. అమ్మ చెయ్యి కడుక్కుని, రాళ్లన్నీ సంచిలో పోసి, కండ్లు మూసుకుని, పెదాలు కదిలిస్తా ఒకటి తీసి స్టీలు తట్టలో పెట్టింది.

నేను ఎగిరి గంతేసినాను. అన్ని రాళ్లలో వచ్చింది యాదనుకున్నారు? రైదో! సవారీ రాయి! గుర్రమెక్కి పోవడం, బండి, చక్రం, ప్రయాణం, అన్నీ దాని కిందికే వస్తాయి. "అమ్మా, బండే వచ్చింది!" అని అరిచినాను.

నాయన అద్దాలు పెట్టుకుని వంగి చూసినాడు. ఆ రాయి మీద గీత అచ్చం ఇంగ్లీషు ఆర్ మాదిరే ఉంటుంది.

"తలకిందులుగా ఉండాదే. తలకిందులైతే ఏమో చదువు."

సంచితో పాటు వచ్చిన పుస్తకంలో చదివినాను. ప్రయాణానికి ఆటంకం, బండి చెడిపోవడం, ఇది సమయం కాదు. నాయన మీసం కింద నవ్వినాడు.

అమ్మ మాత్రం కదల్లేదు. "తలకిందులేంది? బొట్టు పైన లేదా? బొట్టు యాడుంటే ఆడ నుదురు. నుదురు యాడుంటే ఆడ తల."

"ఆ బొట్టు పెట్టింది నువ్వే గదే! ఒకటో తరగతి బిడ్డనడుగు, ఆర్‌కు తల యాడుంటుందో చెప్తాడు."

"అది ఇంగ్లీషు కాదని పాప చెప్పె గదా. ఆ మంచుదేశపోళ్ల అచ్చరానికి తల యాడుంటుందో నీకెట్ట తెలుసు? నువ్వేమన్నా ఆడ చదివినావా?"

ఇద్దరూ నా పక్కకు తిరిగినారు. తీర్పు నేను చెప్పాలంట! హాస్టల్లో నోరు తిరగని పేర్లన్నీ గడగడా చెప్పే దాన్ని, పెదాలు కొరుక్కుని నవ్వాపుకుంటా పుస్తకం తిరగేసినాను. పోనీ ఇంకో రాయి తియ్యమంటే, "ఒకసారి పూవడిగినాక రెండోసారి అడగరు" అని అమ్మ మొండికేసింది.

అప్పుడు నాయన తట్టను పక్కకు తోసేసినాడు. "నేర్చుకో! నేర్చుకుని నీ పాటికి నువ్వు పో. పెండ్లయినప్పట్నుంచి నా బండెనకాల కూర్చున్నావు. ఇంక నాతో నీకేం పని? ఆ వెనక సీటు ఖాళీగా పెట్టుకుని నేనొక్కడే తిరగతాలే!"

లారీలూ కావు, వయసూ కాదు. ఇన్నాళ్లూ మా నాయన భయపడింది దీనికా! అమ్మ ఆయన్నే చూసింది, చూసి చూసి పకపకా నవ్వడం మొదలుపెట్టింది. కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. కండ్లెంబడి నీళ్లు కారేదాకా నవ్వి, "అయ్యో నా రాజా, నువ్వొస్తే నేను వద్దంటానా? ఎనకాల కూర్చో!" అనింది. నాయన చెవులు ఎర్రగా అయినాయి. అంగడికి యాలయింది అని చెప్పులేసుకుని పోయినాడు. ఆ పొద్దు మధ్యాన్నమే అంగడి మూసేసి వచ్చినానని ఆయనకే గుర్తు రాలేదు. వీధి చివర దాకా పోయి తిరిగొచ్చినాడు.

ఆ వారం నుంచే సెలవు దొరికినప్పుడల్లా వచ్చి నేర్పించినాను. ఖాళీ మైదానంలో నేను ఎనకాల పరిగెత్తతా ఉంటే, అమ్మ "వదలొద్దు పాపా, వదలొద్దు" అని అరుస్తా, నేను వదిలేసినాక కూడా అదే అరుస్తా గుండ్రంగా తిరిగింది. నాయన గోడ మీద కూర్చుని "బ్రేకు, బ్రేకు!" అని కేకలు. హెల్మెట్ కింద మల్లెపూలు నలగతాయని అమ్మకు ఒకటే దిగులు. లైసెన్సు వచ్చింది. ఆ తరవాతి చవితికి పొద్దున్నే ఇద్దరూ బయల్దేరినారు, అమ్మ ముందు, నాయన ఎనకాల.

నాకు సెలవు దొరక్క ఆఫీసులో ఉండాను గానీ మనసంతా కాణిపాకం రోడ్డు మీదే. చేరినాక ఫోన్ చెయ్యమన్నాను. గంట దాటినా చెయ్యలేదు. నేనే చేస్తే ఎత్తలేదు. మూడోసారికి అమ్మ ఎత్తింది.

"పాపా, పూతలపట్టులో ఉండాం! కాఫీ తాగతా ఉండాం!"

"పూతలపట్టా? కాణిపాకం మలుపు ఎప్పుడో దాటిపోయింది గదమ్మా!"

"ఏమో, బండి పోతానే ఉండె, నేనూ పోతానే ఉంటి. ఎంత బాగుండాదో పాపా! తిరుక్కుని పోయి మొక్కుకుంటాంలే. నాయన మాట్లాడతాడంట, ఉండు."

ఫోన్ చేతులు మారింది. నాయన అమ్మకు వినపడకుండా రవ్వంత పక్కకు జరిగినట్టున్నాడు. గొంతు తగ్గించి, నవ్వాపుకుంటా అన్నాడు: "మలుపు నాకు కనపడింది పాపా. నేనే చెప్పలేదు."