మేనత్తకు నేను నేర్పిన ఈల

మొన్న మా కోడలు మనవరాలిని కీబోర్డు క్లాసు మాన్పించింది. అంతకు ముందు స్కేటింగు, దానికి ముందు బేగంపేటలో బొమ్మల క్లాసు. కోడలిని తప్పుపట్టలేను. పిల్లకు ఏదో ఒక హాబీ ఉండాలని ఆమె ఆరాటం. ఆఫీసు నుంచి మెట్రోలో నిలబడి వచ్చి, మంచినీళ్లయినా తాగకుండా పిల్లను క్లాసుకు తీసుకుపోయే తల్లిని ఏమనగలను? కానీ ఆ సాయంత్రం పిల్ల బాల్కనీలో నా పక్కన కూర్చుని, "నాకేం రాదు నానమ్మా" అంది. దాని వయసులో, రాంగోపాల్‌పేటలోని మా పాత పెంకుటింటి పెరట్లో, అదే మాట నేనూ అన్నాను.

ఆ ఇంట్లో రాజ్యమంతా మా మేనత్తది. నాయనకు అక్క, బళ్లో టీచరు. పెళ్లి చేసుకోలేదు, చేసుకోలేదే అని విచారించే తీరికా ఆమెకు ఉండేది కాదు. చదువు బడి కోసం, పని ఇంటి కోసం, మూడోది ఒకటి పిల్లల సంతోషం కోసం ఉండి తీరాలన్నది ఆమె చట్టం. ఆదివారం చర్చి నుంచి వచ్చి, బగారన్నం, మటన్ కూర తిని, పెద్దలంతా ఒక కునుకు తీద్దామనుకునే వేళకు ఆమె వరండాలో చాప పరిపించేది. పిల్లలు ఒక్కొక్కరే లేచి తమ సొంత విద్య చూపించాలి. అది అయ్యేదాకా నాయనమ్మతో సహా ఎవరూ కదలడానికి వీల్లేదు. మా అన్న అగ్గిపెట్టెల మీది బొమ్మలు పోగుచేసేవాడు. వాణ్ని వెంట పెట్టుకుని మోండా మార్కెట్‌కు పోతే కూరగాయల కంటే ఖాళీ అగ్గిపెట్టెలే ఎక్కువ ఇంటికి వచ్చేవి. చెల్లె హార్మోనియం వాయించేది. ఇక నేను. రుమాలు మీద గులాబీ కుట్టబోయి, ఆ రుమాలును నా గౌనుకే కుట్టేసుకున్నాను. నేను గీసిన కోడిపుంజును చూసి నాయన, "హార్మోనియం మంచిగ గీసినవ్ బిడ్డా" అని మెచ్చుకున్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వి, తర్వాత పెరట్లోకి పోయి ఏడ్చాను. నాకంటే చిన్నది, చెల్లెకు కూడా చూపించుకోవడానికి ఒకటుంది, నాకు లేదు.

నాకు వచ్చిందల్లా ఈల. దాన్ని ఎవరూ విద్య కింద జమకట్టలేదు, నేనైతే అసలే కట్టలేదు. గిన్నెలు తోముతున్నప్పుడు చర్చిలో పాడిన కీర్తన దానంతటదే పెదాల మీదికి వచ్చేది. వంటింట్లోంచి నాయనమ్మ కేక కూడా అంతే త్వరగా వచ్చేది. "ఏందే గది? ఆడపిల్ల ఈలలేస్తదా, రోడ్డు మీది పోరగాళ్ల లెక్క!" నేను టక్కున నోరు మూసుకునేదాన్ని. ఒకరోజు నాయనమ్మ ఇంట్లో లేదు కదా అని కీర్తన మొత్తం ఈలలో లాగించి వెనక్కి తిరిగితే, బట్టలుతికే బండ మీద మేనత్త కూర్చుని ఉంది. ఎంతసేపటి నుంచి వింటోందో!

"తప్పయింది అత్తా. ఇంకేయను. నాకు వేరే ఏం రాదు" అన్నాను.

"నాకు గది నేర్పవే" అంది మేనత్త. "జెర మెల్లగ చెప్పు. నాకు జల్ది రాదు."

ఎగతాళి అనుకున్నాను. కానీ ఆమె కళ్లజోడు తీసి పక్కన పెట్టి, పెదాలు సున్నాలా చుట్టి, శ్రద్ధగా ఊదింది. గాలి తప్ప ఏమీ రాలేదు. "అట్ల కాదు అత్తా, నాలుక కింది పళ్లకు ఆనియ్యాలె" అన్నాను. బడంతా ఎవరిని చూసి గజగజలాడేదో ఆ టీచరు తప్పును నేను దిద్దుతున్నాను! నా నడుము దానంతటదే నిటారుగా అయింది.

ఆ ఆదివారం నా వంతు వచ్చేసరికి నేను చాప అంచు గిల్లుతూ తల దించుకున్నాను. మేనత్త లేచి నిలబడి, చీర కొంగు సర్దుకుని, కీర్తనలో ఒక చరణం ఈల వేసింది. రెండు మూడు స్వరాలు, మిగతాదంతా గాలి. అన్న పొట్ట పట్టుకుని నవ్వాడు. నాయనమ్మ అదిరిపడి, "ఏసయ్యా! తల నెరుస్తున్నది, నీకిదేం బుద్ధే?" అంది.

"నాకు ఇంకా మంచిగ వస్తలేదమ్మా" అంది మేనత్త నెమ్మదిగా. "నా టీచరుకు మంచిగ వస్తది. విను." నా వైపు తిరిగి చెయ్యి చాపింది.

లేచాను. కీర్తన అందుకున్నాను. రెండో చరణానికి వచ్చేసరికి చెల్లె హార్మోనియం ముందుకు లాక్కుని నాతో కలిసింది. నాయనమ్మ చేతిలో విసనకర్ర ఆగిపోయింది. నేను ముగించాక ఆమె బాగుందనలేదు, బాగాలేదనలేదు. "ఇంకోటి వచ్చునా?" అంది. ఆ క్రిస్మస్‌కు చర్చి హాల్లో నేను ఈల వేస్తుంటే ముందు వరసలో కూర్చుని, పక్కవాళ్లు అడగకపోయినా "మా పెద్దోని బిడ్డ" అని చెప్పుకున్నదీ ఆమే. ఆ రోజు నేను పొందిన గర్వం ఇంత వయసొచ్చినా నా దగ్గర తరగలేదు.

ఇప్పుడు కట్టుడు పళ్లతో నాకు ఈల రాదు. మేనత్తకు వచ్చినట్టే వస్తుంది, గాలి. మనవరాలికి వేసి చూపించలేను. కానీ ఆ పిల్లలో ఒకటి నేను చాలా రోజులుగా గమనిస్తున్నాను. మెట్రోలో స్టేషన్లు చెప్పే ఆవిడ గొంతును అచ్చు దించేస్తుంది. తిక్క వేషాలని వాళ్లమ్మ కసురుతుంటుంది.

"నాకు గది నేర్పవే" అన్నాను, ఆ సాయంత్రం బాల్కనీలో దానితో.

"ఏది?"

"మెట్రో ఆమె చెప్తది చూడు, తలుపులు ఎడమవైపు తెరుచుకుంటాయని. గది."

అనుమానంగా చూసింది. నేను గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. రెండు మాటలు కూడా పూర్తి కాకముందే, "అట్ల కాదు నానమ్మా! నవ్వుతున్నట్టు చెప్పాలె, కానీ నవ్వొద్దు" అని లేచి నిలబడి తానే చెప్పింది. నడుము నిటారుగా ఉంది. టీ తెస్తున్న కోడలు గుమ్మంలోనే ఆగిపోయి, "అరే, నేను రోజూ వినే గొంతే!" అంది. పిల్ల ముఖం వెలిగిపోయింది. కోడలు టీ కప్పులు పక్కన పెట్టి, నా పక్కనే కింద కూర్చుంది.

కాలం నా నోట్లోంచి ఈలను తీసుకుపోయింది. మేనత్త నాతో అన్న ఆ ఒక్క మాటను మాత్రం, నేను మళ్లీ ఒకరితో అనేదాకా, నా దగ్గరే భద్రంగా ఉంచింది.