నిషియామ గారు వాడి చూస్తే గాని రాయరు

పార్సిప్పనీలో పేటెంట్ లాయరు నిషియామ గారిది ఒకటే పట్టు. ఎవరు ఏ వస్తువు కనిపెట్టి తెచ్చినా, దాన్ని తన ఇంట్లో, తన చేతులతో వాడి చూస్తే తప్ప దరఖాస్తులో ఒక్క వాక్యం కూడా రాయరు. కాగితం మీద గీసిన బొమ్మ చూసి రాయడమంటే, ఆయన లెక్కలో, పెళ్ళికూతురి ఫొటో చూసి కాపురం గురించి చెప్పడమే.

1979లో ఆయన దగ్గర దరఖాస్తులకు ఆ బొమ్మలు గీసే ఉద్యోగంలో చేరింది విజయశ్రీ. మొదటి రోజే ఆయన టై నిండా ఉల్లిపాయ ముక్కలు.

"సార్, టై మీద..."

"ఉల్లిపాయలు తరిగే మిషను. తరగడం వచ్చు. ఎక్కడ వెయ్యాలో దానికింకా తెలియదు," అన్నారాయన గంభీరంగా.

ఇంకొకాయన తెల్లారగానే దుప్పటి లాగేసే అలారం తెచ్చాడు. నిషియామ గారు చలికాలమంతా వాడారు. నిషియామ గారి భార్య ఫుమికో గారు తుమ్ముతూ ఆఫీసుకు ఫోన్ చేసేవారు. "పేటెంట్ క్లయింటుకమ్మా, జలుబు నాకు."

ఒక కేసులో ఫ్యాన్ బిగించిన టోపీతోనే కోర్టుకు వెళ్ళారు. ఎదుటి లాయరు కాగితాలన్నీ గాల్లోకి లేచాయి.

"ఆ టోపీ తీస్తారా?" అన్నాడు జడ్జి.

"తీస్తాను యువరానర్. చల్లగా ఉంటుందని మాత్రం రికార్డులో రాయించండి."

నవ్వుకుంటూనే పని చేసింది విజయశ్రీ. అంతలో ఒక పెద్ద కంపెనీ ఆఫీసు కుర్చీ ఒకటి పట్టుకొచ్చింది. ఇక దశ తిరిగిందనుకున్నారంతా. నిషియామ గారు కుర్చీ ఇంటికి పట్టుకెళ్ళారు. వారాలు గడిచాయి.

"మా ఇంజనీర్లు టెస్ట్ చేశారు. మీరు రాస్తే చాలు," అన్నాడు మేనేజరు.

"వాళ్ళు నిలబడి టెస్ట్ చేశారు. నేను కూర్చుని చేస్తున్నాను."

కంపెనీ కుర్చీతో సహా వెళ్ళిపోయింది.

విజయశ్రీకి ఒళ్ళు మండింది. "ఇది లా ప్రాక్టీసా సార్, సర్కసా?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆమె ఆ నెలలోనే రిజైన్ చేసి నూవార్క్‌లో పెద్ద ఆఫీసులో చేరింది. అక్కడ ఎవరూ ఏ వస్తువునూ ముట్టుకోరు. ఫొటోలు చూసి గీయడమే. గీస్తున్నప్పుడల్లా తనన్న ఆ మాటే గుర్తొచ్చేది. ఈ వారం కాదు, వచ్చే వారం ఫోన్ చేద్దామనుకుంటూనే ఏళ్ళు గడిపేసింది.

1986లో ఆయన ఆఫీసు మూసేస్తున్నారని తెలిసి ఇంటికి వెళ్ళింది. లోపల అడుగు పెట్టడానికి చోటు లేదు. చాలావరకు ఒకప్పుడు తను బొమ్మలు గీసిన వస్తువులే.

"వీటికి పేటెంట్ రాలేదు కదా సార్. ఇంకా ఎందుకు వాడుతున్నారు?"

"దరఖాస్తు కొట్టేశారని వాటిని కనిపెట్టినవాళ్ళకు ఫోన్ చేసి చెప్పాల్సింది నేనే. అప్పుడు అందరూ ఒకటే అడుగుతారు, పోనీ అది ఎవరికైనా పనికొస్తుందా అని. నేను వాడుతున్నాను అంటాను. అలా అనాలంటే వాడాలి కదా. మళ్ళీ ఏడాదికో మాటు ఫోన్ చేసి అడుగుతారు. అబద్ధం చెప్పబోతే నాకు నత్తి వస్తుంది."

విజయశ్రీ తల వంచుకుంది. "ఆ రోజు సర్కస్ అన్నాను సార్. అనకుండా ఉండాల్సింది."

"సర్కసేనమ్మా. బోనులో ఉన్నది మాత్రం నేను," అన్నారు ఫుమికో గారు, టీ తెస్తూ.

వాళ్ళిద్దరూ ప్లేనోలో కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నారు. ఇన్ని వస్తువులు పట్టవు. ఇవి వదిలేసి వెళితే, ఇకపై ఫోన్ చేసేవాళ్ళకు ఏం చెప్పాలన్నదే ఆయన దిగులు. వంటింట్లో, తను మానేశాక వచ్చిన, చపాతీలు నలుచదరంగా ఒత్తే ప్రెస్సు కనిపించింది. ఆనందబాబు అని, గుంటూరాయన చేసిందట.

"ఇది నాకివ్వండి సార్. ఆయనకు నా నంబరు ఇవ్వండి," అంది విజయశ్రీ.

ఒక ఆదివారం చర్చి అయ్యాక ఆనందబాబు ఫోన్ చేశారు. "అమ్మా, నిషియామ గారు చెప్పారు. మీరు... నిజంగా వాడుతున్నారా?"

"రోజూ వాడుతున్నానండి. ఇప్పుడు కూడా మావారు తింటున్నారు."

ఆమె భర్త భాస్కర్ కంచంలోకి చూశాడు. "మూలలు ముందు తినాలా, చివర్లో తినాలా, అడుగు."

అడిగింది. అవతల ఆనందబాబు చాలాసేపు ఆలోచించారు.

"ముందేనమ్మా," అన్నారు. "వేడి మీద మూలలే బాగుంటాయి."